కీళ్ళ నొప్పులు - ఆకు మందులు - మన బావి నీరు



నల్లగొండ పట్టణాన్ని ఆనుకొని పానగల్లు ఉన్నది. ఆ ఊరి చెరువుకు ఉదయసముద్రమని పేరు. కందూరు చోడుల నాడు, అంటే ఇప్పటికి ఎనిమిది తొమ్మిది వందల ఏండ్ల క్రిందట, ఉదయచోడుడు కట్టించినందున ఆ పేరు వచ్చినది. పాలమూరు వైపు కూడ ఒక పానగల్లు కలదు. అది కొండకోట, బహమనీ సుల్తాను ఫిరోజ్ షా ముట్టడించి ఓడిపోయిన కోట. మనం మాట్లాడేది నల్లగొండ పానగల్లును గురించి. ఇక్కడ ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం చూడటానికి దూరదూరాల నుండి వస్తారు. గర్భగుడిలో పడే ఆ నీడను చూచి ఆశ్చర్యపడి వెళ్ళిపోతారు. నేను మాత్రం ఈ పూట మిమ్మల్ని గుడిలోకి తీసుకొనిపోవటం లేదు. చెరువుకట్ట మీదికి రండి. మన నడుముల కథ, మోకాళ్ళ కథ అక్కడనుండి చెప్పుకుందాం.

చెరువు ఉన్నచోట వరి ఉంటుంది, వరి ఉన్నచోట నాటు ఉంటుంది, నాటు ఉన్నచోట నడుము నొప్పి ఉంటుంది. ప్రొద్దున దిగిన ఆడకూలీ సాయంత్రం మడిలోనుండి లేచి నిలబడితే వెన్ను చప్పున నిటారు కాదు. మోటబావుల కాలంలో మగవారి బాధ మరొకటి. ఎడ్లను వెనుకకు నడిపించి, ముందుకు తోలి, మోకు మీద కూర్చొని లేచి, తెల్లవారుజామునుండి ఆ పని చేసిన మనిషికి తొడలు, పిక్కలు, భుజాలు పట్టుకొనిపోయేవి. ఇంటికి వచ్చినవానికి అవ్వ చెప్పే మాట ఒక్కటే: "వాయిలాకు తెంపుకరా బిడ్డా, నీళ్ళు కాగబెడత."

వావిలి అనండి, వాయిలి అనండి, సంస్కృతంలో సింధువార మనండి, నిర్గుండి అనండి, అన్నీ ఒకటే. వాగు ఒడ్డులందు, చెరువుకట్టల వెంట, కంచెలందు తనంతట తాను పెరిగే పొద. మేకలు కూడ దానిని ముట్టవు. అందుచేతనే కంచెకు పనికివచ్చింది. ధాన్యపు గుమ్మిలో నాలుగు రెమ్మలు వేస్తే పురుగు తగ్గుతుందని మన ఆడవారికి తెలుసు. ఆ ఘాటు వాసనే మందుకు కూడ ఆధారం. ఆకు వేసి కాగబెట్టిన నీళ్ళు బాలింతకు పోస్తారు, నాటువేసి వచ్చినామెకు పోస్తారు, జ్వరం తగ్గి ఒళ్ళు నొప్పులతో లేచినవానికి పోస్తారు. ఆకును దోరగా వేడిచేసి గుడ్డలో మూటగట్టి కాపడం పెడతారు. ఇందులో మేలుచేసేది ఆకా, వేడి నీళ్ళా అని అడిగితే, రెండూ అని చెప్పవలెను. ఆకు రసానికి వాపు తగ్గించే గుణమున్నదని జంతువులపై చేసిన ప్రయోగాలు చెప్పుచున్నవి. అయితే వేడి ఒక్కటే కండరాన్ని వదులు చేస్తుందన్న సంగతి కూడ మరువరాదు. ఉప్పు మూట, తవుడు మూట, కాల్చిన ఇటుక, ఇవన్నీ వేడిని పట్టిపెట్టే పనిముట్లే. పేదవాని ఇంట్లో తవుడు ఉంటుంది, డబ్బు ఉండదు. కాబట్టి తవుడే మందయింది.

వావిలి తరువాత చెప్పవలసినది ఆముదం. ఈ మాట నల్లగొండ, పాలమూరు రైతులకు నేను చెప్పటం తాతకు దగ్గులు నేర్పినట్లే అవుతుంది. చెలక నేలల్లో, వాన మీదనే ఆధారపడి, ఇంకేదీ నిలువని చోట నిలిచిన పంట అది. నాగర్‌కర్నూలు దగ్గర పాలెంలోని వ్యవసాయ పరిశోధనా స్థానం ఆముదం విత్తనాల మీద చాలా పని చేసింది. మన ఇండ్లలో మాత్రం ఆముదాన్ని అంగడికి పంపగా మిగిలినది కుండలో వండి తీసేవారు. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనె తేర్చి సీసాలో పోసేవారు. ఆ వంటాముదాన్ని మోకాలికి రాచి, ఆముదపాకును నిప్పుసెగకు వాడ్చి పైన కట్టి పడుకుంటే, తెల్లవారేసరికి వాపు కొంత జారేది. ఒక సంగతి ఇక్కడ గట్టిగా చెప్పవలెను. ఆముదపు గింజలో రిసిన్ అనే భయంకరమైన విషమున్నది. అది నూనెలోనికి రాదు, పిండిలో మిగులుతుంది. అందువల్లనే ఆముదపు పిండిని పశువులకు పెట్టక చేనుకు ఎరువుగా వేస్తాము. నూనె పనికివచ్చింది గదా అని గింజను నూరి నొప్పికి తినిపించినవాడు ప్రాణం మీదికి తెస్తాడు.

జిల్లేడాకును వేడిచేసి కట్టటం మరొక వాడుక. ఆకు కట్టినంతవరకు సరే. దాని పాలు కంటిలో పడితే చూపు దెబ్బతింటుంది. పిల్లలచేత జిల్లేడాకు తెంపించవద్దు.

నల్లేరు సంగతి వేరు. కంచెల మీద, బండల మీద, నాలుగు పలకల కాడతో పాకే తీగె. ఎముక విరిగితే నూరి కట్టు కట్టేవారు. దీనిని శాస్త్రములందు అస్థిసంహార మన్నారు. నోరూరే పచ్చడి కూడ చేస్తారు, కాని చేతికి నూనె రాసుకొనక ముట్టుకుంటే దురద తప్పదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో శస్త్రవైద్యులు కె. ఎన్. ఉడుప, ఆయన తోటివారు 1960లలో ఈ తీగె మీద పరిశోధన చేసి, జంతువులలో విరిగిన ఎముక అతుకుటకు ఇది తోడ్పడుతున్నదని ప్రకటించినారు. పల్లెటూరి మొరటు మందు అని నవ్వినవారు అప్పుడు కొంత తగ్గినారు. అయితే విరిగిన ఎముకను ముందు సరిగా కూర్చి కదలకుండ కట్టవలెను. వంకరగా కూర్చిన ఎముకను నల్లేరు వంకరగానే అతికిస్తుంది.

ఇవన్నీ అవ్వల వైద్యం. దీని పైన మరొక వైద్యం ఉండెను, చదువుకున్నవారి వైద్యం. ఆయుర్వేదంలో వాతవ్యాధులకు ప్రత్యేకమైన ప్రకరణములున్నవి. కీళ్ళు వాచి పట్టేసే జబ్బును మాధవనిదానమనే గ్రంథము ఆమవాతమని వేరుచేసి చెప్పింది. మన తెలుగుదేశపు వైద్యులు బసవరాజీయము చేతబట్టుకొని వైద్యం చేసినారు. కాకతీయుల కాలంలో, 1261 నాటి మల్కాపురం శాసనంలో, ఆరోగ్యశాలకు, ప్రసూతిశాలకు భూమి ఇచ్చిన సంగతి కలదు. అది గుంటూరు సీమలోనిది. మన మెట్ట పల్లెలకు అటువంటి శాలలు ఎంతవరకు అందినవో ఊహించుకోవచ్చును. హైదరాబాదు రాజ్యంలో యూనానీ హకీములు ఉండిరి. వారు కీళ్ళనొప్పులకు సూరంజాన్ అనే గడ్డను ఇచ్చేవారు. ఆ జాతి గడ్డనుండియే 1820లో ఫ్రెంచి రసాయనికులు పెల్తియే, కావెంతూ అనేవారు కొల్చిసిన్ అనే పదార్థాన్ని వేరుచేసినారు. బొటనవ్రేలి కీలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్వలేని గౌటు జబ్బుకు నేటికీ డాక్టర్లు దానిని వాడుతున్నారు. అదే కొల్చిసిన్ మన అడవుల్లో, కంచెల్లో పూచే అడవినాభి దుంపలో కూడ ఉన్నది. అగ్నిశిఖ అంటారు, నిప్పు మంటవలె ఎర్రగా, పసుపుగా పూస్తుంది. మందుకు, విషానికి మధ్య ఎడం ఆ దుంపలో ఎంత సన్నమంటే, దానిని ఇంటి వైద్యంలోనికి తీసుకొనిరానేకూడదు. ఉమ్మెత్త, ముష్టి గింజ కూడ అంతే. పెద్దలు శుద్ధి చేసి వాడినారంటే ఆ శుద్ధి తెలిసినవారు వాడినారు.

ఇక్కడ ఒక చిన్న మాట. పానగల్ రాజా అనే పేరు మీలో పెద్దవారు విని ఉంటారు. పానగంటి రామరాయణింగారు. 1921 నుండి 1926 వరకు మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రి. పేరు ఒకటేగాని ఊరు వేరు. ఆ పానగల్లు శ్రీకాళహస్తి దగ్గరిది. ఆయన కాలంలోనే 1921లో దేశీయ వైద్యాన్ని విచారించుటకు ఉస్మాన్ కమిటీని వేసినారు, తరువాత మద్రాసులో భారతీయ వైద్య పాఠశాల స్థాపించినారు. ఆకుమందును కూడ తరగతిలో కూర్చొని చదువదగిన విద్యగా ప్రభుత్వం ఒప్పుకొన్న తొలి సందర్భాలలో అదొకటి.

దానికి ముందే ఒక తెలుగువాడు నొప్పిమందును డబ్బీలోకి ఎక్కించినాడు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావుగారు బొంబాయి చేరి 1893లో అమృతాంజనం ప్రారంభించినారు. ఆ పసుపుపచ్చని లేపనం అమ్మగా వచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి పుట్టినవి. తలనొప్పి మందు తెలుగు పత్రికలకు తల్లి అయిందన్నమాట! ఇటువంటి లేపనాలలోని కర్పూరం, పుదీన పువ్వు, నీలగిరి తైలం చేసే పని ఏమంటే, చర్మం మీద చల్లగానో వేడిగానో ఒక స్పర్శ పుట్టించి లోపలి నొప్పిని కప్పివేయటం. జబ్బును అవి తీయవు. తీస్తామని నాగేశ్వరరావుగారూ అనలేదనుకుంటాను. రాత్రి నిద్ర పట్టించటం కూడ చిన్న మేలు కాదు.

మిరపకాయ కూడ ఇదే దారిలోది. పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో అమెరికా ఖండంనుండి తెచ్చిన ఈ కాయ ఎందుకు మండుతుందో, ఆ మంటను మన నరం ఎట్లా గుర్తుపడుతుందో కనిపెట్టిన డేవిడ్ జూలియస్ అనే శాస్త్రజ్ఞునికి 2021లో నోబెలు బహుమానంలో భాగం వచ్చినది. మిరప ఘాటుతో చేసిన లేపనం నేడు మందుల దుకాణాల్లో మోకాళ్ళనొప్పికి దొరుకుతున్నది. ఐరోపాలో విల్లో అనే చెట్టు బెరడు ఇట్లాంటిదే. 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు దాని పొడి జ్వరానికి పనిచేస్తున్నదని వ్రాసినాడు. 1828లో దాని సారం తీసినారు, 1899 నాటికి ఆస్పిరిను అంగడికి వచ్చినది. ఆస్పిరినుకు అసలు దారి చూపినది ఒక చెట్టు బెరడే.

ఇంతవరకు చెప్పినది మంచి కథ. ఇప్పుడు చెప్పబోయేది ఆకుమందు ఓడిపోయిన కథ. అది మన నల్లగొండలోనే జరిగినది.

మా మేనమామ ఊరు మునుగోడు వైపు. మంచి కాపు, నాగలి పట్టితే మధ్యాహ్నం వరకు దించేవాడు కాదు. నలభై ఏండ్లు రాకముందే ఆయనకు నడుము పట్టింది. తరువాత మెడ. తరువాత మోకాళ్ళు. ప్రక్కకు చూడవలెనంటే మనిషి మొత్తం తిరగవలసివచ్చేది. "వాతం బిడ్డా, వాతం," అనేవాడు. వాయిలాకు నీళ్ళు పోసుకున్నాడు, ఆముదం రాసుకున్నాడు, నల్లేరు తిన్నాడు, చివరకు కాల్చిన ఇనుముతో వాతలు కూడ పెట్టించుకున్నాడు. ఒక సంతలో ఎవరో అమ్మిన పొడి తిన్నాడు. పది దినాలు అద్భుతంగా పనిచేసింది, గట్టు ఎక్కి దిగినాడు. నెల తిరిగేసరికి ముఖం ఉబ్బింది, కాళ్ళు ఉబ్బినవి. చెట్టు మందులో దొంగతనంగా స్టిరాయిడు కలిపి అమ్మే మోసం ఈ దేశంలో ఉన్నదని మాకు అప్పుడు తెలియదు. ఇంత జరిగినా ఆయన ప్రతిదినం త్రాగే నీటివైపు ఒక్కరూ చూడలేదు. ఆయన స్వయంగా త్రవ్వించిన బావి అది. వేసవిలో కూడ ఎండదని ఆయనకు గర్వం.

ఈ జబ్బును మనుషులకంటె ముందు ఎడ్లు చూపించినవి. 1930ల తొలి ఏండ్లలో, నేటి ప్రకాశం జిల్లాలో కలిసిన పాత నెల్లూరు జిల్లా భాగాలలో, కాడికి కట్టిన ఎడ్లు కీళ్ళు బిగుసుకొని నడవలేకపోవటం రైతులు గమనించినారు. రైతు కన్ను అటువంటిది. తన నొప్పి ఓర్చుకుంటాడు, ఎద్దు కుంటితే ఊరుకోడు. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివారు అదే జబ్బు మనుషులలో ఉన్నదని, అది నీటిలోని ఫ్లోరైడువలన వస్తున్నదని ప్రకటించినారు. మన నల్లగొండ జిల్లాలో ఈ జబ్బును గురించి 1945లో డావర్ అనే డాక్టరు వ్రాసినారు. 1955లో ఎ. హెచ్. సిద్దిఖీగారు నల్లగొండ రోగులను పరీక్షించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించినారు. అంటే మా మామ వాతలు పెట్టించుకునే నాటికే ఆయన జబ్బు పేరు లండనులో అచ్చయి ఉన్నది. ఆ ముక్క మా ఊరికి రాలేదు. విస్తరణ ఉద్యోగులు ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగవలెనని నా కోరిక.

ఫ్లోరైడు ఎక్కడిదంటే, మన బండలనుండి. నల్లగొండ నేల క్రింద ఉన్న గులాబిరంగు గ్రానైటులో ఫ్లోరిను గల ఖనిజాలు ఉన్నవి. నేలలోకి ఇంకిన నీరు ఏండ్ల తరబడి ఆ బండ సందులలో నిలిచి దానిని కరిగించుకుంటుంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుతున్నది. మన దేశపు ప్రమాణం 1 మిల్లీగ్రామునే కోరదగినదంటుంది. మన బావులలో, బోర్లలో దానికి ఎన్నోరెట్లు ఉన్నవి దొరికినవి. ఆ నీరు చూచుటకు తేటగా, రుచికి బాగుగా ఉంటుంది. చిన్నపిల్లల పండ్లపై ముందు తెల్లమచ్చలు, తరువాత గోధుమరంగు చారలు వస్తవి. ఏండ్లు గడిచినకొద్దీ ఫ్లోరైడు ఎముకలో చేరుతుంది, ఎముక బరువెక్కుతుంది, కీళ్ళను పట్టి ఉంచే నరాల వంటి పట్టీలు కూడ గట్టిపడి ఎముకలవుతవి. అట్లా రాయి అయిన వెన్నును వావిలాకు నీళ్ళు ఏమి చేయగలవు?

చెరువు నీరు అట్లా కాదు. అది వాననీరు, బండతో దానికి స్నేహం తక్కువ. ఉదయచోడుడు చెరువు కట్టినది పొలాలకు. ఫ్లోరిను సంగతి ఆయనకు తెలియదు. చెరువు, కుంట నీళ్ళు త్రాగినప్పుడు నారికురుపు, కలరా భయాలుండేవి, అది నిజమే. వాటినుండి తప్పించుకొనుటకే శుద్ధమైన నీరని లోతుబావులకు, తరువాత చేతిపంపు బోర్లకు పోయినాము. క్రిములను తప్పించుకున్నాము, బండకు చిక్కినాము. తప్పు ఎవరిదని నేననను. కాని కరువు వచ్చి నీరు దిగినకొద్దీ, బోరు లోతు పెరిగినకొద్దీ, మర్రిగూడ, మునుగోడు, చండూరు, నార్కట్‌పల్లి వైపు పల్లెలలో నడుములు వంగినవి. కొన్ని ఊళ్ళకు పిల్లనిచ్చేవారు కూడ లేకపోయిరి. "ఆ ఊరి నీళ్ళు మంచియి కావు" అని సంబంధాలు తప్పించుకున్నారు. శాస్త్రజ్ఞులు చెప్పకముందే పెండ్లిపెద్దలకు నీళ్ళ సంగతి తెలిసిందన్నమాట!

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామిగారలు మరొక సంగతి బయటపెట్టినారు. ఈ ప్రాంతపు పిల్లలకు, పడుచువారికి మోకాళ్ళు లోపలికి ఒరిగి, కాళ్ళు వంకరపోతున్నవి. తిండికి, జబ్బుకు సంబంధం ఉన్నదని అదే సంస్థవారు పరిశోధించి, జొన్న ఎక్కువగా తినేవారి ఒంటిలో ఫ్లోరైడు ఎక్కువగా నిలుస్తున్నదని గమనించినారు. ఇది విని జొన్నరొట్టె మానవద్దు. జొన్న మంచి తిండి. పాడయినది నీరు. అయితే పాలు, ఆకుకూరలు, ఉసిరి, జామ వంటివి తోడుంటే ఎముకకు కొంత కాపు దొరుకుతుంది.

ఆకుమందు పూర్తిగా ఓడిపోలేదనుటకు కూడ ఒక ఆధారమున్నది, అదీ మన వంటింటిలోనే. చింతపండు. అదే పోషకాహార సంస్థలో ఖండారేగారు, ఆయన తోటివారు బడిపిల్లలకు కొన్ని దినాలు భోజనంతో చింతపండు ఇచ్చి చూడగా, మూత్రంలో బయటికిపోయే ఫ్లోరైడు పెరిగినది. ఇది 2002లో ప్రచురించినారు. పచ్చిపులుసు తాగే ఊరికి ఇది సంతోషకరమైన వార్తే. అట్లని చింతపండు తింటున్నాము గదా, ఫ్లోరైడు నీళ్ళు తాగినా ఏమీ కాదనుకొనరాదు. ఎడమచేత పోసి కుడిచేత తోడినట్లవుతుంది.

నీటిని బాగుచేసే పద్ధతికి మన ఊరి పేరే పెట్టినారు. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థవారు 1970లలో తయారుచేసిన నల్లగొండ పద్ధతి అది. నీటిలో సున్నం, పటిక, కొంత బ్లీచింగు పొడి కలిపి, బాగుగా చిలికి, తేరనిచ్చి, పై నీరు తీసుకొనుట. ఆఫ్రికాలోని టాంజానియాలో కూడ ఆ పేరుతోనే దానిని వాడి చూచినారు. జబ్బువల్ల కాక మందువల్ల మన పేరు అంత దూరం పోయినందుకు కొంత ఊరట. పద్ధతి మంచిదే, కాని ప్రతిదినం కొలిచి కలిపి, అడుగున చేరిన బురద తీసిపారవేసే ఓపిక కావలెను. నాటువేసి వచ్చిన మనిషికి ఆ ఓపిక ఎక్కడిది? చాలా చోట్ల ఆ యంత్రాలు మూలపడుటకు కారణమిదే. ఇక నీటిని మరగబెడితే ఫ్లోరైడు పోతుందనే భ్రమ కొందరికి ఉన్నది. పోదు. నీరు ఇగిరినకొద్దీ అది చిక్కబడుతుంది.

చివరకు మార్గం మళ్ళీ చెరువు దగ్గరికే వచ్చినది. నాగార్జునసాగరం వెనుకనీటినుండి పుట్టంగండి దగ్గర కృష్ణ నీటిని ఎత్తిపోసి, అక్కంపల్లి జలాశయం మీదుగా కాలువలో పంపి, పానగల్లు ఉదయసముద్రంలో నింపుతున్నారు. సాగరం డ్యాముకు 1955 డిసెంబరు 10న పునాది వేసినప్పుడు, 1967లో కాలువలకు నీరు వదిలినప్పుడు, ఆ నీరు ఎగువన ఉన్న మన మెట్టలకు ఎక్కలేదు. ఎక్కించుటకు ఇంకొక తరం పట్టింది. 2016 నుండి మిషన్ భగీరథ పేర నదీజలం గొట్టాల ద్వారా ఇండ్లకు వచ్చినది. తెలంగాణంలో ఫ్లోరైడు బాధిత ఆవాసాలు మిగలలేదని 2020లో పార్లమెంటులో చెప్పినారు. ఆ మాట గొట్టంలో వచ్చే నీటికి సంబంధించినది. గొట్టం పగిలిన దినాన, మోటారు చెడిన దినాన మనం తిరిగి బోరు దగ్గరికే పోతాము. చేనులో పనిచేసేటప్పుడు దాహమైతే బోరు నీరే దోసిట పడతాము. కూలీలకు ఇంటినుండి కుళాయి నీరు క్యానులో తీసుకొనిపోవటం ఒక అలవాటు చేసుకొనవలెను.

గ్రామాల్లో తిరిగేవారికి మూడు చిన్న పరీక్షలు చెబుతాను. నడుము నొప్పి అన్న మనిషిని మోకాళ్ళు వంచకుండ ముందుకు వంగి కాలివ్రేళ్ళు ముట్టుకొమ్మనండి. గడ్డాన్ని రొమ్ముకు ఆనించమనండి. రెండు చేతులు ఎత్తి తల వెనుక చేర్చమనండి. చేయలేకపోతే అది ఫ్లోరైడు జబ్బేనని వెంటనే అనవద్దు, వేరే కారణాలు కూడ ఉండవచ్చును. కాని ఆ ఇంటివారు ఏ నీరు తాగుతున్నారో అడగండి, పిల్లల పండ్లు చూడండి, సీసాలో ఆ నీరు పట్టి గ్రామీణ నీటి సరఫరావారి ప్రయోగశాలకు పంపండి. మనిషిని డాక్టరు దగ్గరికి పంపండి. కీలు ఎర్రగా వేడెక్కి జ్వరం వచ్చినా, ప్రొద్దున చేతివ్రేళ్ళు గంటసేపు ముడుచుకొనకున్నా, కాళ్ళలో తిమ్మిరి, బలహీనత కనబడినా ఆకు కట్టి కాలం గడపవద్దు.

ఎడ్లకు, బర్రెలకు కూడ ఇదే చెప్పవలెను. ఒక ముఖ్యమైన మాట: పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ సూదిమందువల్ల, ఆ కళేబరాలు తిన్న రాబందులు దేశమంతటా చచ్చిపోయినవి. 2004లో శాస్త్రజ్ఞులు ఈ కారణం కనిపెట్టగా, 2006లో పశువులకు దానిని నిషేధించినారు. కుంటే ఎద్దుకు ఎవరైనా మనుషుల సూదిమందు తెస్తే వద్దని చెప్పండి. పశువైద్యుని దగ్గర మెలోక్సికాం వంటి వేరే మందున్నది. ఎద్దు కుంటుతున్నదంటే అది తాగే తొట్టిలోని నీరు ఏ బోరుదో కూడ చూడండి. 1930లలో మనకు సంగతి చెప్పినది ఎద్దే గదా.

కృష్ణ నీళ్ళు కుళాయికి వచ్చేనాటికి మా మామకు ఎనభై దాటినవి. మొదటి బిందె పట్టినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు, చేతికర్ర మీద వంగి. చెంబుతో తాగి, "చప్పగ ఉన్నయ్‌రా" అన్నాడు. ఆయన బావి నీటికి అలవాటుపడ్డ నోరు అది. వెన్ను అట్లాగే ఉండిపోయింది, ఎముకలో చేరినది అంత సులభంగా బయటికి రాదు గదా. కాని మనుమల పండ్లు తెల్లగా ఉన్నవి. ఆ బావిలోకి ఇప్పుడు మోటారు దింపి తోటకు పెట్టినారు. సాయంత్రమయితే ఆయన మాత్రం పాత మాటే అనేవాడు: "ఇన్ని వాయిలాకు నీళ్ళు కాగబెట్టుండ్రి." మేము కాగబెట్టి పోసినాము, కుళాయి నీళ్ళలోనే.